విశాఖ వేధశాల: అంకితము నరసింగరావుగారు

నేడు విశాఖను ఉక్కునగరమనుచున్నారు. ఓడలును కొలుములును ఈ యూరికి కీర్తి తెచ్చినవి. ఉక్కు రాకమునుపే ఆకాశమును కొలిచిన యూరిదియని యెందఱెఱుగుదురు? ఆ కొలతకు ప్రాణము పోసిన అంకితము వెంకట నరసింగరావుగారిని స్మరింపగోరుచున్నాము.

వారు 1827లో జన్మించిరి. వారి మామగారగు జమీందారు గోడే వెంకట జగ్గారావుగారు చెన్నపట్టణ వేధశాలాధిపతి టెయిలరు దొరకడ ఖగోళవిద్య నభ్యసించి, 1840 ప్రాంతమున విశాఖలో స్వగృహప్రాంగణముననే వేధశాల నెలకొల్పిరి. డాల్ఫిన్స్ నోస్ కొండమీది జెండాతో నావికులకు సరియైన కాలము తెలుపు నేర్పాటును గావించిరి. 1856లో వారు గతింపగా, డిప్యూటీ కలెక్టరు పదవి నిర్వహించిన నరసింగరావుగారు ఆ భారము వహించిరి.

అది వినోదము కాదు. భూమి యొక సెకండులో పదునైదు వికలలు తిరుగును. యంత్రము తన రేఖనుండి అంతమాత్రము తొలగినను గడియారము ఒక సెకండు తప్పును. కాలము నాలుగు సెకండులు తప్పినచో, భూమధ్యరేఖకడ ఓడ ఒక సముద్రపు మైలు దారి తప్పును. కావున యంత్రమును సరిపెట్టుటయే మూలవిద్య. అద్దముల దూరదర్శినియందు పెద్ద యద్దము, చిన్న యద్దము, కంటికటకము ఏకాక్షమున నిలువవలెను. కటకముల దూరదర్శినికిని అట్టి నియమమే. దానిని మోయు పీఠపు టిరుసు ధ్రువాభిముఖముగా, విశాఖలో నించుమించు పదునేడుమ్ముప్పాతిక డిగ్రీలు వాలియుండవలెను. చుక్క నొకదానిని చూచుచుండగా నది ఉత్తరమునకో దక్షిణమునకో జారినచో ఇరుసు తప్పినట్లే. మరల మర తిప్పవలెను, మరల చూడవలెను. ఓర్పులేనివానికి ఆకాశము నిజము చెప్పదు.

ఆరంగుళముల కుక్ దూరదర్శినిని తెప్పించి నరసింగరావుగారు ఈ తపస్సు సాగించిరి. 1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణమును, ఆ నవంబరులో బుధుడు రవిబింబమును దాటుటను, 1874 డిసెంబరు 9న శుక్రుడు దాటుటను పరిశీలించిరి. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1871లో వారిని సభ్యునిగా స్వీకరించెను. పరప్రభుత్వమున నుద్యోగి యయ్యు, విద్యలో పరులకు దీటుగా నిలిచిరి.

1892లో వారు పరమపదించిరి. వారి దానమువలన మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు ఆ గృహనామము నిలిచినది. ఆ మూడక్షరములను నిత్యము పలుకువారిలో వేధశాల నెఱిగినవారెందఱు? డాబాగార్డెన్సు వీథులలో నడచువారికి దాని జాడ తోచునా? 1868 గ్రహణమునకు సరిగా నూరేండ్లకు, 1968లో, జపాల్-రంగాపురమున నలుబదియెనిమి దంగుళముల అద్దపు దూరదర్శిని వెలసెను. దానిని నెలకొల్పినది విశ్వవిద్యాలయము. ఒక యింటి శ్రద్ధపై నాధారపడినది కాదు. భేదమచ్చటనే యున్నది. ఒక్కరి ఔదార్యమున వెలిగిన దీపము, వత్తి సవరించువారు లేనిచో ఆరిపోవును.

భూవసతి గలవారికి మా విన్నపమొక్కటే. దేవాలయమునకు మాన్యములిచ్చిన కులములవారు, శాస్త్రమునకు గూడ మాన్యమొకటి విడువుడు. దానిని కాపాడు సంఘమును గూడ ఏర్పరుపుడు. అదియే నరసింగరావుగారికి తగిన తర్పణము.