గణకచక్రచూడామణి బ్రహ్మగుప్తుడు

అనకాపల్లి బెల్లపు బజారు నెరిగినవారికి ఋణసంఖ్య యననేమో వేరుగ బోధింపనక్కరలేదు. చెరకు గానుగ కెక్కకమునుపే రైతు వర్తకునివద్ద 200 రూపాయలు తెచ్చుకొని వాడుకొనెననుకొందము. తరువాత నతడు తెచ్చిన బెల్లపు దిమ్మలకు 150 రూపాయలు వచ్చినవి. లెక్క ముగియునప్పటికి ఆ రైతు నిలిచినచోటు సున్నకంటెను 50 రూపాయలు దిగువ. చేత నేమియు లేనివాడును, 50 రూపాయలు బాకీ పడినవాడును సమానులు కారని వర్తకునకును తెలియును, రైతునకు మరింత బాగుగ తెలియును. నిత్యవ్యవహారములోని ధనము, ఋణము అను నీ రెండు మాటలను గణితశాస్త్రములో ప్రతిష్ఠించి, వానికి సూత్రములు కట్టిన మహనీయుడు బ్రహ్మగుప్తుడు.

ఇతడు శాలివాహన శకము 520న, అనగా క్రీ. శ. 598న జన్మించెను. తండ్రి పేరు జిష్ణువు. తరువాతివారు ఇతనిని భిల్లమాలకాచార్యుడని పిలిచిరి. భిల్లమాల యనునది నేటి రాజస్థానములోని భీన్‌మాల్ పట్టణము. ఆనాడది ఘూర్జరదేశమునకు రాజధాని. చీనాయాత్రికుడైన హుయాన్‌త్సాంగు ఆ నగరమునుగూర్చి వ్రాసియున్నాడు. చాపవంశజుడగు వ్యాఘ్రముఖుడు రాజ్యము చేయుచుండగా, శకము 550న, అనగా క్రీ. శ. 628న, తన ముప్పదియవ యేట బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించెను. మన తెలుగుదేశమున కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో చాళుక్యరాజ్యమును నెలకొల్పిన కాలమును ఇంచుమించుగ నదియే. గ్రంథకర్త తన్నుగూర్చి చెప్పుకొన్నవి తండ్రిపేరు, వయస్సు, రాజు పేరు, సంవత్సరము మాత్రమే. కవులు తమ వంశమును పది పద్యములలో వర్ణించుకొనుట చూచిన మనకీ పొదుపు వింతగ తోచును.

బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున 24 అధ్యాయములు, 1008 శ్లోకములు కలవు. అది ప్రధానముగ జ్యోతిశ్శాస్త్రగ్రంథము. గ్రహముల గతులు, గ్రహణములు, ఛాయలు మొదలగునవి దాని విషయములు. అందు 12వ అధ్యాయము గణితమునకును, 18వదియగు కుట్టకాధ్యాయము బీజగణితమునకును కేటాయింపబడినవి. ఋణసంఖ్యల చరిత్రకు మూలస్తంభము వంటిది ఈ 18వ అధ్యాయము.

అందతడు చెప్పినదేమన: ధనమును ధనమును కలిపిన ధనము, ఋణమును ఋణమును కలిపిన ఋణము, ధనమును ఋణమును కలిపిన వాని భేదము, అవి రెండును సమానమైనచో సున్న. సున్ననుండి ఋణమును తీసివేసిన ధనమగును, ధనమును తీసివేసిన ఋణమగును. ఋణమును ధనముచే గుణించిన ఋణము. ఋణమును ఋణముచే గుణించిన ధనము. నేడు పాఠశాల బాలురు వల్లించు నియమములన్నియు నివియే. చివరి నియమము మాత్రము పిల్లలనే గాక పెద్దలను గూడ తికమక పెట్టును. బజారు లెక్కతో చూచిన నది తేటపడును. ఒక రైతునకు తలకొక 50 రూపాయల చొప్పున మూడు బాకీలు కలవు. వర్తకుడు దయతలచి ఆ మూడింటిని కొట్టివేసెను. బాకీ యనునది ఋణము, కొట్టివేయుటయు తీసివేతయే; అయినను రైతు 150 రూపాయల మేర బాగుపడినాడు. బ్రహ్మగుప్తుడిట్టి యుదాహరణ మిచ్చి యుండలేదు. సూత్రమును చెప్పి యూరకుండుట ఆనాటి శాస్త్రకారుల పద్ధతి. విప్పి చెప్పుట గురువుల పని.

అతని ఘనత ఋణమును కనుగొనుటలో లేదు. అతనికి ఎన్నో శతాబ్దములకు ముందే చీనాదేశీయులు ఎఱ్ఱని పుల్లలతో ధనమును, నల్లని పుల్లలతో ఋణమును గుర్తించి లెక్కలు కట్టిరి. అయితే సున్నను గూడ ఒక సంఖ్యగా గ్రహించి, ధనము, ఋణము, సున్న యను మూడింటికిని కూడిక, తీసివేత, గుణకారము, భాగహారములలో గల సంబంధమును ఒక్కచోట సూత్రీకరించిన గ్రంథములలో మనకు దొరకిన మొదటిది ఇతనిదే. ఆ సాహసమున నొకచో కాలు జారెను. సున్నను సున్నచే భాగించిన సున్నయే వచ్చునని యతడు వ్రాసెను. నేటి గణితజ్ఞులు దీని నంగీకరింపరు. అట్టి భాగహారమునకు అర్థమే లేదందురు. ఇతర సంఖ్యను సున్నచే భాగించినచో నేమగునో తేల్చక, సున్న హారముగా గల భిన్నమనియే విడిచిపెట్టెను. తొలిసారి యడవిలో బాట తీసినవానికి ఒక ముల్లు గ్రుచ్చుకొనుట వింత కాదు.

అతని స్వభావము మాత్రము మెత్తనిది కాదు. క్రీ. శ. 499లో ఆర్యభటీయమును రచించిన ఆర్యభటునిపై అతడు ఘాటైన విమర్శలు చేసెను. అందుకై ఒక యధ్యాయమునే కేటాయించెను. భూమి తనచుట్టు తాను తిరుగుచున్నదన్న ఆర్యభటుని మతమును తిరస్కరించెను. ఈ వివాదమున సత్యము ఆర్యభటుని పక్షముననే యున్నది. గ్రహణముల విషయమున మరొక విచిత్రము. చంద్రబింబము, భూఛాయ వీనినిబట్టి గ్రహణమును లెక్కించు విధము నతడు చక్కగ నెరుగును. ఎరిగియు రాహువే కారణమను సంప్రదాయమును సమర్థించెను. 11వ శతాబ్దిలో హిందూదేశ విజ్ఞానమును పరిశీలించిన అల్‌బెరూనీ యను పండితుడు దీనికి మిక్కిలి నొచ్చుకొని, ఇంతటి మేధావి సత్యమునెరిగియు లోకమునకు తలవంచెనని తప్పు పట్టెను. ఆ నింద పూర్తిగా అన్యాయమని చెప్పజాలము.

కాని కాలము మనుష్యుని మార్చును గాబోలు. క్రీ. శ. 665న, 67వ యేట, బ్రహ్మగుప్తుడు ఖండఖాద్యకమను కరణగ్రంథమును రచించుచు, ఆర్యభటుని పద్ధతులలో నొకదానినే యనుసరించెను. యౌవనమున నిందించిన గురువు వద్దకే వార్ధకమున పోవలసివచ్చెను.

ఇతర రంగములలో నతని కృషిని రెండు మాటలలో చెప్పవచ్చును. వృత్తములో నిమిడిన చతుర్భుజమునకు వైశాల్యము కట్టు సూత్రము అతనిదే. ఒక సంఖ్య వర్గమును 92చే గుణించి ఒకటి కలిపిన మరియొక వర్గము కావలెనని ప్రశ్న వేసి, ఏడాదిలోపల సాధించినవాడే గణకుడనెను. అందుకు 120, 1151 అను సంఖ్యలు సరిపోవును; ఓపిక గల చదువరులు గుణించి చూచుకొనవచ్చును. 12వ శతాబ్దివాడగు భాస్కరాచార్యుడు ఇతనిని గణకచక్రచూడామణి యని కొనియాడెను.

ఎనిమిదవ శతాబ్దిలో హిందూజ్యోతిషము బాగ్దాదు చేరి అరబ్బీలోనికి మారెను. అందు బ్రహ్మగుప్తుని సిద్ధాంతపు ఛాయలు కలవు. అంకెలును సున్నయు అక్కడినుండి పశ్చిమమునకు సాగినవి గాని ఋణసంఖ్యకు మాత్రము చాలకాలము ద్వారములు తెరువబడలేదు. తొమ్మిదవ శతాబ్దివాడగు అల్‌ఖ్వారిజ్మీ తన బీజగణితమున ఋణమూలములను విడిచిపెట్టెను. 1545లో ఇటలీ పండితుడు కార్డానో వానిని వాడుకొనుచునే కల్పితములనెను. 1758లో సైతము ఫ్రాన్సిస్ మాసెరెస్ అను నాంగ్లేయుడు వానిని బీజగణితమునుండి వెడలగొట్టవలెనని గ్రంథము వ్రాసెను. భిల్లమాలలో సూత్రము కట్టి అప్పటికి 1130 సంవత్సరములు! బ్రహ్మగుప్తుని 12వ, 18వ అధ్యాయములను 1817లో కోల్‌బ్రూకు దొర ఇంగ్లీషులోనికి తెచ్చెను.

మనదేశమున నీ విద్య కట్టి తాపురము లేకుండ నడచెను. క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ధనఋణ నియమములను మరల చెప్పి, ఋణసంఖ్యకు వర్గమూలము లేదని స్పష్టపరచెను. ఆ గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలో ననుసరించినవాడు పావులూరి మల్లన. తాతకును మనుమనికిని ఒకే పేరుండుటచే ఇతనిది 11వ శతాబ్దియా, 12వదియా యని పండితులు వాదులాడుచుందురు. ఎవరి మాట నిజమైనను, ఆంధ్రకవిత్వపు తొలినాళ్లలోనే గణితము తెలుగు పద్యమెక్కినది. మన పాఠశాలలలో నేటికిని ఆ సంఖ్యలకు ఋణసంఖ్యలనియే పేరు. రైతు వర్తకునకు పడిన బాకీయు ఋణమే.