రామన్ చూసిన వంకర చారలు

సి.వి.రామన్ అనగానే 1930 నాటి నోబెల్ గుర్తొస్తుంది. ఆయన తొలి పరిశోధన మాత్రం సన్నని సందులో దూరిన వెలుగు ఏమవుతుందన్నదానిపైనే. అప్పటికి పద్దెనిమిదేళ్ల కుర్రాడు.

1888లో తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు ఏవీఎన్ కాలేజీలో ఉద్యోగం రావడంతో నాలుగేళ్లకే విశాఖపట్నం చేరారు. పదకొండేళ్లకే అక్కడ మెట్రిక్ గట్టెక్కారు. ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ.

అక్కడ స్పెక్ట్రోమీటరుతో ప్రిజం కోణం కొలుస్తుంటే వెలుగు చారలు కంటబడ్డాయి. చారలు రావడం వింతేం కాదు. రెండు వేళ్లు దాదాపు ఆనించి, ఆ సందులోంచి ట్యూబ్‌లైటు చూస్తే ఎవరికైనా నల్లగీతలు కనిపిస్తాయి. అలలా సాగే వెలుగు ఇరుకు చీలిక దాటగానే పక్కలకు పరుచుకుంటుంది. అది వివర్తనం. చీలికలో ఒక్కో చోటు నుంచి బయల్దేరిన అల ఒక్కో దూరం నడిచొస్తుంది. శిఖరంతో శిఖరం కలిస్తే వెలుగు, శిఖరం పల్లంలో పడితే చీకటి. అది వ్యతికరణం. సందు ఎంత ఇరుకైతే చారలు అంత వెడల్పు.

మామూలుగా నడిమి చారకు అటూ ఇటూ ఒకేలా ఉంటాయి. రామన్ చూసినవి అలా లేవు! వెలుగు ప్రిజం ముఖాన్ని దాదాపు రాసుకుంటూ ఏటవాలుగా పడి తిరిగొస్తోంది. అటునుంచి చూస్తే ఆ ముఖమే సన్నని చీలిక. ఏటవాలు పెరిగేకొద్దీ ముఖం వైపు చారలు వెడల్పవుతాయి, అవతలివి దగ్గరపడతాయి. ఆ లెక్క తేల్చి పంపితే 1906 నవంబరులో లండన్ 'ఫిలసాఫికల్ మ్యాగజైన్' అచ్చేసింది.

అయినా దారి మూసుకుపోయింది. ఇంగ్లండ్ చలికి ఈ ఒళ్లు తట్టుకోదని మద్రాసు సివిల్ సర్జన్ తేల్చేశారు. ఇక్కడేమో సైన్సు చదివినోడికి కొలువు లేదు. 1907లో ఆర్థిక శాఖ పరీక్ష రాసి కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. పగలంతా పద్దులు. ఆఫీసుకు ముందూ తర్వాతా బౌబజార్‌లోని సైన్స్ అసోసియేషన్ ల్యాబు. పదేళ్లు అదే బతుకు. 1917లో ఆ పెద్ద జీతం వదిలి, తక్కువ జీతానికి ప్రొఫెసరయ్యారు.

చారలు మాత్రం ఆయన్ను వదల్లేదు. 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వచ్చాక, నాగేంద్రనాథ్‌తో కలిసి మళ్లీ వివర్తనమే పట్టుకున్నారు. చెవికందని శబ్ద తరంగాలు సాగుతున్న ద్రవం, చీలికల వరుసలా వెలుగును విడదీస్తుందని 1935-36లో లెక్కకట్టి చూపారు. 1970 నవంబరు 21న బెంగళూరులోనే కన్నుమూశారు. చితి పేర్చింది తన పేరిటి సంస్థ తోటలోనే.