డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ

శస్త్రచికిత్స వేళ రోగికి మత్తు ఇచ్చి, అతని ఊపిరిని కనిపెట్టి ఉండడమే వృత్తిగా స్వీకరించిన వైద్యురాండ్రలో ప్రపంచంలోనే మొదటివారుగా పేరొందినవారు హైదరాబాదుకు చెందిన పార్సీ వనిత డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ.

హైదరాబాదు వైద్య పాఠశాలలో 1885లో చేరిన ఐదుగురు విద్యార్థినులలో ఆమె ఒకరు. ప్రిన్సిపాలు ఎడ్వర్డ్ లారీ వద్ద శిక్షణ పొంది, 1889లో హకీం పట్టా అందుకున్నారు. మత్తులోని రోగికి నాడికంటె శ్వాసనే ముఖ్యంగా గమనించవలెనని లారీ బోధించేవారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పోషణలో ఆ కాలాన జరిగిన క్లోరోఫారం పరిశోధనలలో ఆమె పాల్గొన్నారు.

దాదాపు ఇరువది ఏండ్లు మత్తు వైద్యంలో ఆరితేరిన పిమ్మట, 1909లో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలను అభ్యసించారు. మత్తుమందు ఆవిరి గాలిలో ఏ పాళ్లలో కలియునో, నెత్తుటిలో ఎట్లు కరుగునో తెలిపేవి ఆ శాస్త్రాలే. తిరిగివచ్చి సేవ కొనసాగించి, 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా విరమించారు.

నర్సింగు చదివి మత్తు విభాగంలో శిక్షణకు దరఖాస్తు చేయదలచిన మన రావులపాలెం విద్యార్థినులకు ఈ పాఠాలలో మార్కులు తగ్గితే దిగులు సహజం. తగ్గిన పాఠాన్ని మొదటినుండి తిరిగి చదవడం చిన్నతనం కాదని మేము భావిస్తున్నాము. పట్టా, పదవి, పేరు గల వైద్యురాలే మళ్లీ విద్యార్థిని అయినారు. కళాశాల సంఘంవారు ఉర్దూ, తెలుగు విద్యార్థినులకు సాయంకాలపు పునశ్చరణ తరగతులు ఏర్పరచినచో, అంతకు మించిన స్మారకం ఆమెకు లేదు.