ఎల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఎల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పియు అతడు చదువు మానలేదు, మూడవసారి ఉత్తీర్ణుడయ్యెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు అతడు గాంధీమహాత్ముని బోధచే ఖద్దరు ధరించెను. అది శస్త్రవైద్యాచార్యునకు రుచింపలేదు. తత్ఫలితముగా అతనికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ఆ కాలముననే అతని సోదరులిద్దఱు స్ప్రూ అను ప్రేగువ్యాధికి బలియైరి. ఈ దుఃఖము అతనిని రోగమూలములను వెదకుటకు పురికొల్పెను.

మామగారి ధనసహాయముతో అమెరికాకు పోయి, సుబ్బారావు హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట ఫిస్కే పండితునితో కూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. 1940లో లెడర్లీ ఔషధశాలకు పరిశోధకుడుగా వెళ్ళెను. ఆకుకూరలలో నుండు ఫోలిక్ ఆమ్లమను విటమినును అతని బృందము 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి అదియే ఔషధమయ్యెను.

రక్తకణములు వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. లుకేమియా అను రక్తక్యాన్సరులో దుష్టకణములును దానితోడనే పెరుగును. కావున ఆకారమున దానిని పోలియుండి, కార్యమున దానికి విరోధియగు పదార్థమును తయారుచేయవలెనని బోస్టను వైద్యుడు ఫార్బర్ తలంచెను. సుబ్బారావు బృందము అమినోప్టెరిన్‌ను, పిమ్మట మెథోట్రెక్సేటును నిర్మించెను. మోసపోయిన కణము ఆ పదార్థమును గ్రహించి, వృద్ధిపొందజాలక నశించును. అమినోప్టెరిన్ పొందిన 16 మంది శిశువులలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గెనని 1948 జూనులో ఫార్బర్ ప్రకటించెను. అంతకుముందు ఆ వ్యాధికి ఏ మందును అట్టి ఫలమీయలేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు తన 53వ యేట నిద్రలో పరమపదించెను.

నేడు మెథోట్రెక్సేటు మాత్రలు మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి పట్టణములందును వాడబడుచున్నవి. లుకేమియా సోకిన బాలురకును కీళ్ళవాతరోగులకును వీనిని సామాన్యముగా వారమునకు ఒక్కసారియే ఇత్తురు. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో నోట పుండ్లు లేచి, ఎముకలలోని మజ్జ చెడి, ప్రాణమునకే ముప్పు వాటిల్లును. గర్భిణులు దీనిని సేవింపరాదు. అందుచే వైద్యులు మాత్ర మ్రింగవలసిన దినమును నిర్ణయించి, రక్తమును తఱచు పరీక్షింపజేయుదురు. దుష్ఫలితములను తగ్గించుటకు కీళ్ళవాతరోగులకు ఫోలిక్ ఆమ్లమును గూడ నిత్తురు.

ఆ విధముగా, సుబ్బారావు ప్రయోగశాలలో పుట్టిన విటమినే అచ్చటనే పుట్టిన మందు వలని కీడునుండి రోగిని కాపాడుచున్నది. 1995లో భారతప్రభుత్వము అతని పేరిట తపాలాబిళ్ళను వెలువరించి గౌరవించెను. రెండుమారులు పరీక్ష తప్పిన బాలుడు లోకమునకు చేసిన ఉపకారము ఇట్టిది. ఆ ఉపకారము రోగికి దక్కవలెనన్న, వైద్యుడు చెప్పిన మోతాదును తప్పక పాటింపవలెను.