శునక చిత్రకారుడు లాండ్‌సీయర్

భారతకథ చివర ధర్మరాజు తన వెంట నడచి వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథం ఎక్కుటకు సమ్మతింపలేదు. కాలభైరవునికి శునకమే వాహనం. కన్నడదేశంలోని ఆతకూరు శాసనం, అడవిపందితో పోరాడి ప్రాణం విడిచిన కాళి అను వేటకుక్క వృత్తాంతాన్ని క్రీ.శ. 949-50 నాడే శిలపై నిలిపినది. అయినప్పటికీ లోకవ్యవహారంలో కుక్క అన్నమాట తిట్టుగానే మిగిలినది. అంత గౌరవానికీ ఇంత తిరస్కారానికీ నడుమ, ఆ జీవి ముఖాన్ని నిదానించి చూచినవారు అరుదు. అట్లు చూచి, రాజులకూ మంత్రులకూ దక్కే తైలవర్ణ చిత్రగౌరవాన్ని కుక్కకు దక్కించినవారిలో అగ్రగణ్యుడు ఆంగ్ల చిత్రకారుడు సర్ ఎడ్విన్ లాండ్‌సీయర్.

అతడు 1802 మార్చి 7న లండన్‌లో జన్మించినాడు. తండ్రి జాన్ లాండ్‌సీయర్ లోహఫలకాలపై చిత్రాలు చెక్కే శిల్పి. ఆయన కుమారులను పాఠశాల గోడల మధ్య బంధింపక, నగరం వెలుపలి పచ్చికబయళ్లకు తీసుకొనిపోయి ఆవులనూ గొర్రెలనూ చూచి గీయుడని కాగితం చేతికిచ్చేవాడు. ఐదారేండ్లకే బాలుని చేయి కుదిరినది. పదమూడవ యేట, 1815లో, అతని చిత్రాలు రాయల్ అకాడమీ ప్రదర్శనలో చోటు సంపాదించినవి. మరుసటి సంవత్సరం ఆ సంస్థ పాఠశాలలోనే విద్యార్థిగా చేరినాడు. బెంజమిన్ హేడన్ అను చిత్రకారుడు, జంతువును గీయదలచినవాడు ముందు దాని ఎముకనూ కండరాన్నీ ఎరుగవలెనని అతనికి బోధించినాడు. లాండ్‌సీయర్ మృతజంతువుల కళేబరాలను కోసి పరిశీలించినాడు. అతని పటాలలోని మృదువైన రోమాల వెనుక ఈ కఠోరవిద్య దాగియున్నది.

1824లో అతడు స్కాట్లండు పర్వతసీమలకు తొలిసారి పోయి, నవలాకారుడు వాల్టర్ స్కాట్‌కు అతిథి అయినాడు. స్కాట్ ప్రేమించి పెంచుకొన్న మైడా అను ముసలి వేటకుక్క అక్కడ అతని కుంచెకు చిక్కినది. 1831లో రాయల్ అకాడమీ పూర్తి సభ్యత్వం లభించుసరికి ఇంగ్లండులో జంతుచిత్రాలకు అతనిని మించినవాడు లేడని పేరు వచ్చినది.

జేకబ్ బెల్ అను ఔషధవర్తకుడు అతనికి ఆప్తమిత్రుడు. బెల్ వద్ద కౌంటెస్ అను వేటకుక్క ఉండేది. ఒక రాత్రి యజమాని బండి వచ్చిన చప్పుడు విని, ఎదురేగు ఆత్రంతో అది ఎత్తైన పిట్టగోడపైనుండి జారిపడి మరణించినది. మరునాడు బెల్ ఆ శవాన్ని లాండ్‌సీయర్ ఇంటికి చేర్చినాడు. కొద్దిరోజులలోనే చిత్రం పూర్తి అయినది. 1835 నాటి ఆ పటంలో మృత్యువు కనబడదు. అలసిన కుక్క ఒళ్లు మరచి నిద్రించుచున్నట్లే తోచును. ఆ బెల్ కుక్కలే మరి రెండు, గంభీరమైన గ్రాఫ్టన్, తుంటరి స్క్రాచ్, ఒకే గూటి వాకిట తలలు పెట్టి చూచుచున్న 1839 నాటి చిత్రం అతని హాస్యానికి నిదర్శనం.

అతని ప్రతిభకు పరాకాష్ఠ 1837 నాటి వృద్ధ గొర్రెలకాపరి చిత్రం. అదొక పేదయిల్లు. కంబళి కప్పిన శవపేటిక. నేలపై చేతికర్ర, టోపీ. పీటపై మతగ్రంథం, దానిమీద కండ్లద్దాలు. మనుష్యుడెవ్వడూ లేడు. కుక్క ఒక్కటే పేటికకు గడ్డం ఆనించి నిలిచియున్నది. అది ఏడ్చుటలేదు, అరచుటలేదు. ఆ మెడ వాలుటలోనే దుఃఖమంతా ఉన్నది. ప్రసిద్ధ విమర్శకుడు రస్కిన్ ఈ చిత్రాన్ని మిక్కిలి కొనియాడినాడు.

రాజాస్థానం కూడా అతనిని ఆదరించినది. 1836లో రాకుమారి విక్టోరియా పెంపుడుకుక్క డాష్‌నూ, 1841లో ఆమె భర్త ఆల్బర్ట్ వేటకుక్క ఈయాస్‌నూ చిత్రించినాడు. 1850లో సర్ బిరుదు లభించినది. అన్న టామస్ ఆ పటాలను ఫలకాలపై చెక్కగా, అచ్చుప్రతులు సామాన్యుల ఇండ్లకు కూడ చేరినవి.

ఈ ఆదరణలోనే ఒక ప్రమాదం పొంచియున్నది. కొనుగోలుదారులకు కుక్కలో కుక్క కంటె మనిషి కనబడుట ఎక్కువ ముచ్చట. వారిని మెప్పించుటకై అతడు కొన్ని పటాలలో కుక్కలను న్యాయమూర్తులుగానూ పండితులుగానూ కూర్చుండబెట్టినాడు. తరువాతి తరంవారు అతనిది అతిభావుకత అని ఈసడించుటకు ఇదియే కారణం. ఆ విమర్శ అన్యాయం కాదు. కాని మనిషి వేషం తొడిగిన కుక్కను చూచి, తన కుక్కతనంతోనే నిలిచిన కాపరి కుక్కను మరచుట మాత్రం అన్యాయం.

బయట కీర్తి పెరుగుచుండగా లోపల మనస్సు కుంగినది. 1840లో తల్లి మరణించినది. ఆ యేడే అతడు తీవ్రమైన మనోవ్యాధికి లోనైనాడు. అది మరల పూర్తిగా విడువలేదు. ట్రఫాల్గర్ కూడలికై నాలుగు సింహాలు నిర్మించే బాధ్యత 1858లో స్వీకరించి, 1867 నాటికి గాని ముగింపలేకపోయినాడు. ఆ కంచుసింహాల పాదాలు కుక్కపాదాలవలె ఉన్నవని కొందరు పరిహసించినారు. జీవితాంతం ప్రేమించిన రూపం ఆ చేతిని వదలలేదేమో! 1866లో రాయల్ అకాడమీ అధ్యక్షపదవి ఇవ్వజూపగా నిరాకరించినాడు. 1872లో బంధువుల కోరికపై అతనిని మతిస్థిమితం లేనివానిగా నిర్ణయించినారు. 1873 అక్టోబరు 1న కన్నుమూసినాడు. లండన్ పౌరులు అతని సింహాలకు పుష్పమాలలు వేసినారు. సెయింట్ పాల్ ప్రధానాలయంలో సమాధి అయినాడు.

నలుపు తెలుపుల న్యూఫౌండ్లండు జాతి కుక్కను అతడు విరివిగా చిత్రించినందున, ఆ జాతి నేటికీ లాండ్‌సీయర్ పేరనే వ్యవహరింపబడుచున్నది. బిరుదులు రాజులిచ్చినవి, ఈ పేరు మాత్రం అతడు ప్రేమించిన మూగజీవుల వెంట నడచుచున్నది.