మన మడికొండ కాళోజీ



ఈ నెల ఏడో తరగతి ఇంగ్లీషు పీరియడ్‌లో అలిటరేషన్ పాఠం చెప్పాను. ఒకే అక్షరం దగ్గర దగ్గరగా మళ్లీ మళ్లీ వినిపించడమే అలిటరేషన్. తెలుగులో వృత్త్యనుప్రాస అంటాం. పిల్లలు ఇంగ్లీషు ఉదాహరణలు గబగబా అప్పజెప్పారు. తెలుగులో ఒకటి చెప్పమంటే క్లాసంతా నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే నాకూ వెంటనే తట్టలేదు. మనం ఉన్నది కాళోజీ పెరిగిన ఊళ్లోనే అని తర్వాత గుర్తొచ్చి సిగ్గేసింది. అందుకే ఈసారి ఆయన గురించి మీకు చెప్తున్నాను.

కాళోజీ నారాయణరావు గారు 1914 సెప్టెంబర్ 9న, నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారు. తండ్రి రంగారావు గారిది మరాఠీ, తల్లి రమాబాయి గారిది కన్నడం. పసితనంలోనే తల్లి పోతే, అన్న రామేశ్వరరావు గారే పెంచి పెద్ద చేశారు. ఆ అన్న ఉర్దూ కవి. కుటుంబం మడికొండలో స్థిరపడింది. నిజాం రాజ్యంలో చదువులకు ఉర్దూ, ఇంట్లో మరాఠీ, కన్నడం, వీధిలో తెలుగు. ఇన్ని భాషలు వచ్చిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక కవిత్వానికి ప్రధానంగా ఎంచుకున్నది మన వీధి తెలుగునే!

హైదరాబాదులో లా చదివారు. గ్రంథాలయోద్యమంలో, ఆంధ్ర మహాసభలో పనిచేశారు. నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించి జైలుకు వెళ్లారు. 1953లో ఆయన కవితల పుస్తకం వచ్చింది. పేరు ‘నా గొడవ’. కవిత్వానికి అంత మామూలు మాట పేరుగా పెట్టడంలోనే ఆయన పద్ధతి తెలుస్తుంది.

మరి అలంకారాల సంగతి? కాళోజీ వాటిని నగల్లా తొడగలేదు. చిన్న చిన్న పాదాలు, చివర కలిసే ప్రాసలు, ఒకే మాటను మళ్లీ మళ్లీ అనడం, ఎదురెదురు అర్థాలను పక్కపక్కన నిలపడం, ఇవే ఆయన పనిముట్లు. మనం కోపమొచ్చినప్పుడు మాట్లాడే తీరు కూడా అదే కదా! బడిలో నేర్చే పలుకు వేరు, జనం పలుకుబడి వేరు అని ఆయన జీవితమంతా వాదించారు. ‘బడి’, ‘పలుకు’ అనే రెండు మాటలనే అటూ ఇటూ తిప్పి ఆ తేడా చూపించారు. అలంకారం అక్కడ అందానికి కాదు, వాదనకు బలం.

1992లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2002 నవంబర్ 13న కన్నుమూశారు. ఆయన దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. ఆయన పుట్టినరోజును 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

పేరెంట్స్ మీటింగులో చాలామంది నన్ను అడుగుతారు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడించాలా అని. ఇన్నాళ్లూ అవునన్నాను. ఇకపై అనను. ఇంటి భాషలో శబ్దాన్ని పట్టుకున్న చెవి ఇంగ్లీషులోనూ పట్టుకుంటుంది.

ఈ నెల హోంవర్క్ మీకు, మీ ఇంట్లో నాయనమ్మలకు, అమ్మమ్మలకు కూడా. చెట్టూ చేమా, మూటా ముల్లె, గొడ్డూ గోదా, తిండీ తిప్పలూ... ఇలాంటి జంట మాటలు పది మీ పిల్లలతో నోటుబుక్కులో రాయించండి. అవన్నీ అలిటరేషన్లే. ఈసారి క్లాసులో నిశ్శబ్దం ఉండదు.