ఏ సుబ్బారావు గారు?

సుబ్బారావు అనగానే మనలో చాలామందికి పాత సినిమాలో గుమాస్తా పాత్రో, ఊళ్ళో లెక్కల మాస్టారో గుర్తొస్తారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకైతే ఆ పేరు వింటేనే నవ్వు. ఈ సంవత్సరం సావనీరుకి ఒక తెలుగు ప్రముఖుడి జీవితం రాయాలని మేము వాలంటీర్లం కూర్చున్నప్పుడు, అమెరికా వచ్చి గొప్పవాడైన డాక్టర్ సుబ్బారావు గారి గురించి రాద్దామని ఏకగ్రీవంగా తీర్మానించాం. వెంటనే ఒక ప్రశ్న వచ్చింది. ఏ సుబ్బారావు గారు?

అడగవలసిన ప్రశ్నే. తెలుగువాళ్ళ చరిత్రలో సుబ్బారావులకు కొదవ లేదు. మా ఉద్యోగాల భాషలో చెప్పాలంటే, ఈ పేరుని ప్రైమరీ కీగా పెట్టుకుంటే డేటాబేసు మొదటి రోజే కూలిపోతుంది.

ఇంతమంది సుబ్బారావులు ఎందుకున్నారో ముందు పిల్లలకి చెప్పాలి. సుబ్రహ్మణ్యేశ్వర స్వామిని మన పల్లెల్లో సుబ్బారాయుడు అంటారు. ఆయన్ని నాగుపాము రూపంలో కొలుస్తారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం మీ అమ్మమ్మలకి బాగా గుర్తుంటుంది. పిల్లలు లేనివాళ్ళు కృష్ణా జిల్లా మోపిదేవి లాంటి క్షేత్రాలకి వెళ్ళి మొక్కుకోవడం, అబ్బాయి పుడితే సుబ్బారావు అనీ, అమ్మాయి పుడితే సుబ్బమ్మ అనీ పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. పైగా తాతగారి పేరు మనవడికి పెట్టే అలవాటు ఒకటి. అందువల్ల ఒక్కో ఇంట్లో తరానికొక సుబ్బారావు!

మరి వాళ్ళని విడదీసి గుర్తుపట్టేది ఎలా? ఇంటిపేరుతో. ఒక్క రాజమండ్రినే చూడండి. న్యాపతి సుబ్బారావు పంతులు గారు (1856-1941) అక్కడి నాయకుడు. 1878లో మద్రాసులో హిందూ పత్రికను మొదలుపెట్టిన ఆరుగురు యువకుల్లో ఒకరు. కోకా సుబ్బారావు గారు అదే ఊళ్ళో 1902లో పుట్టి, భారత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. పౌరుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు కూడా తగ్గించరాదని 1967లో గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పింది ఆయన నాయకత్వంలోని ధర్మాసనమే. ‘మూగమనసులు’ సినిమా తీసిన ఆదుర్తి సుబ్బారావు గారిదీ రాజమండ్రే. ఇక కవుల్లో రాయప్రోలు సుబ్బారావు గారు, యెంకి పాటలు రాసిన నండూరి వెంకట సుబ్బారావు గారు ఉండనే ఉన్నారు.

అందరికన్నా తికమక పెట్టేది తల్లాప్రగడ సుబ్బారావు గారు. కాకినాడ ప్రాంతం మనిషి, మద్రాసులో వకీలు. దివ్యజ్ఞాన సమాజంలో మహాపండితుడిగా పేరు తెచ్చుకుని 1890లో ముప్పై నాలుగేళ్ళు నిండకుండానే పోయారు. ఆయన ఇంగ్లీషులో ‘టి. సుబ్బారో’ అని రాసుకునేవారు. మన డాక్టరు గారు ‘వై. సుబ్బారో’. ఒకరు తల్లాప్రగడ, ఒకరు యల్లాప్రగడ. ఇద్దరిదీ గోదావరి సీమే, ఇద్దరూ మద్రాసులో చదివినవాళ్ళే! పాత పుస్తకాల జాబితాల్లో ఈ ఇద్దరినీ విడదీసేది ఒక్క అక్షరం. (అన్నట్టు, ప్రగడ అంటే పూర్వం మంత్రి అని అర్థం. భారతాన్ని పూర్తిచేసిన ఎఱ్ఱాప్రగడ పేరులోనూ అదే ఉంది.)

మేము రాయాలనుకున్నది ఈ రెండో ఆయన గురించి, యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రికి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం, ఆరోగ్యం అంతంతమాత్రం. బోలెడు సంతానం. పిల్లవాడికి చదువు మీద కన్నా డబ్బు సంపాదన మీదే ధ్యాస ఉండేదట. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి బాగుపడదామని ఇంట్లోంచి పారిపోయాడు. దారిలోనే పట్టుకొచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మన పిల్లలు ఒక్క బి గ్రేడు తెస్తేనే దిగులు పడే తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకోవచ్చు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతూ రామకృష్ణ మిషన్ వైపు మొగ్గి, సన్యాసం పుచ్చుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. అదీ మంచికే అయింది. 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదికి ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళేవారు. అది సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి నచ్చలేదు. ఫలితం, ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతిలో పెట్టారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. తోడబుట్టినవాళ్ళు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి కరిగిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు బతికించారు. ఆ తరువాత కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. జబ్బుకి మందు ఎక్కడుంది, ఎలా పనిచేస్తుంది అన్న ప్రశ్న ఆయనకి పుస్తకాల్లో దొరికింది కాదు, ఇంట్లోంచి వచ్చింది.

1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ చేసిన సాయంతో 1920ల తొలినాళ్ళలో బోస్టన్ ఓడ ఎక్కారు. కొన్నాళ్ళలో తిరిగి వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనే లేదు. భార్య ఎదురుచూపు పాతికేళ్ళు సాగింది. ఆయన గొప్పతనం రాసేవాళ్ళు ఈ సంగతిని ఒక్క ముక్కలో దాటేస్తుంటారు. వెనక అమ్మానాన్నలనీ, అత్తమామలనీ వదిలి వచ్చిన మనకి మాత్రం అది దాటేసేంత చిన్న సంగతిలా అనిపించలేదు.

బోస్టన్‌లో ఆయన డిగ్రీకి గుర్తింపు లేదు. ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల బెడ్‌పాన్లు ఎత్తి పొట్టపోసుకున్నారు. పగలు హార్వర్డ్‌లో చదువు. 1924లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా వచ్చింది. తరువాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు దాన్ని ఫిస్కే-సుబ్బారో పద్ధతి అనే చదువుకుంటారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏ.టి.పి.ని వేరు చేసి చూపించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏ.టి.పి.ని కనుక్కున్నాడు. పిల్లలూ, ఏ.టి.పి. అంటే మన ఒంట్లోని రీచార్జబుల్ బ్యాటరీ అనుకోండి. మీరు సాకర్ గ్రౌండులో పరిగెత్తినా, ఇప్పుడు ఈ పేజీ తిప్పినా ఖర్చయ్యేది అదే.

1930లో పి.హెచ్‌డి. వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. పదేళ్ళు అలాగే నెట్టుకొచ్చి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి వెళ్ళారు. అక్కడ పరిశోధనలకి డైరెక్టరయ్యారు. చివరి ఎనిమిదేళ్ళలో జరిగింది చూస్తే, ఇదంతా ఒక మనిషి నడిపిన బృందం పనేనా అని ఆశ్చర్యం కలుగుతుంది.

1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. తోబుట్టువుల్ని మింగిన స్ప్రూకి అది మందుగా ఉపయోగపడింది! ఆలస్యమైనా, ఆ ఇంటి బాకీ అలా తీరింది. 1998 నుంచి అమెరికాలో ఎన్‌రిచ్డ్ రొట్టెలపిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేశారు, పుట్టబోయే బిడ్డల వెన్నెముక లోపాలు తగ్గాలని. మీ వంటింట్లో బ్రెడ్డు ప్యాకెట్టు వెనక ఆ పేరు కనిపిస్తుంది, చూడండి.

ఆ ఫోలిక్ ఆమ్లానికే విరుగుడుగా పనిచేసే పదార్థాలను కూడా ఆయన బృందం తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లోని పాత మిత్రుడు సిడ్నీ ఫార్బర్‌కి పంపారు. ఫార్బర్ దాన్ని లుకేమియా వచ్చిన పిల్లలకిచ్చి, పదహారు మందిలో పదిమందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. రక్త క్యాన్సర్ మందుకి లొంగడం అప్పుడే మొదలు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్, నేటికీ వాడుకలో ఉంది. బోదకాలు జబ్బుకి వాడే హెట్రజాన్, టెట్రాసైక్లిన్‌లలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే 1947, 48లలో లోకానికి వచ్చాయి. ఆరియోమైసిన్‌ని కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ అప్పటికే రిటైరైన వృద్ధుడు. ఆయన్ని పిలిచి పని ఇచ్చినవారు మన సుబ్బారావు గారే. బోదకాలు మన కోస్తా జిల్లాల్లో ఎంతమందిని పట్టి పీడించిందో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మరి ఇంత చేసినాయన పేరు ఎందుకు వినబడదు? కారణాలు చాలా ఉన్నాయి. ఆయన ప్రచారానికి దూరం, పేటెంట్ల మీద పేరు ఉండాలని పట్టుబట్టే రకం కాదు. అమెరికాలో ఆయన పరాయివాడు కూడా. భారతీయులకు పౌరసత్వం ఇవ్వరాదని 1923లో ఇక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తేల్చింది. (ఈయన మనకి తెలిసిన వీరుడు భగత్ సింగ్ కాదు. చూశారా, పేరుతో ఎంత చిక్కో!) ఆ తలుపు 1946లో లూస్-సెల్లర్ చట్టంతో గానీ తెరుచుకోలేదు. చనిపోయేనాటికి సుబ్బారావు గారు అమెరికా పౌరుడు కాలేదు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళు గడిపిన మన వాళ్ళకి ఇది కథలా అనిపించదు.

మూడో కారణం మాకు తోచింది, ఆయన పేరే. ఇక్కడి సహచరులు ఆయన్ని యెల్లా అని పిలిచేవారు. ఇంటిపేరులోంచి రెండు అక్షరాలు తుంచి ముద్దుపేరు చేసుకున్నారు. పరిశోధనా పత్రాల్లో అసలు పేరేమో ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి సుబ్బారో అయింది. భీమవరంలో ఎవరి అబ్బాయో చెప్పే మాట ఇక్కడ మారుపేరైంది. అందరికీ ఉన్న మాటే ఆయన గుర్తుగా మిగిలింది. మన స్కూలు ఫారాల్లో పిల్లల పేర్లు తిరగబడినప్పుడు మనం విసుక్కుంటాం కదా, ఆయన జీవితమంతా ఆ తిరగబడ్డ పేరుతోనే సాగింది. మన షామ్‌బర్గ్ సంగతీ అంతేగా. జర్మనీ నుంచి వచ్చిన రైతులు తమ సొంత సీమ పేరునే 1850లో ఈ ఊరికి పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ పేరు వింటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వుడ్‌ఫీల్డ్ మాలే.

1948 ఆగస్టు 8 రాత్రి పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53. ఫార్బర్ ప్రకటన వెలువడి రెండు నెలలు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి ఆయన స్మారకంగా సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. శతజయంతికి 1995లో భారత తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది.

ఆయన పుట్టినరోజు జనవరి 12, సరిగ్గా మన సంక్రాంతి కార్యక్రమాల సమయం. ఈసారి మూడో స్థాయి పిల్లలు తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, తమ కుటుంబంలో ఎంతమంది సుబ్బారావులు, సుబ్బమ్మలు ఉన్నారో, వాళ్ళ ఇంటిపేర్లేమిటో, ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుగులో ఒక పేజీ రాసుకురావాలి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవి తీసుకోబడవు!